ఏనుగులంక ఎంగిలి

రోహిణి కార్తె. పడమటి గాలి.

పొద్దున లేవగానే మంచం కోళ్ళ కింద గిన్నెల్లో నీళ్ళు మార్చాను. రాత్రి మంచమెక్కబోయి మునిగిపోయిన చీమలు గిన్నెల అంచున పసుపు నురగలా తేలుతున్నాయి. ఈ చీమ కుట్టదు, కరవదు. ఒంటి మీద పాకుతూ పుల్లటి నీరు చిమ్ముతుంది. చర్మం మీద పడితే మంట. కంట్లో పడితే కన్ను వాచి మూసుకుపోతుంది. మా ఎర్రపీతలు అలాగే పోయాయి. ముందు గుడ్డివయ్యాయి. తర్వాత బొరియ దారి తెలియక ఎండలో తిరిగి తిరిగి ఎండిపోయాయి.

సౌరపలకల మీద చీమల బారుని తడిగుడ్డతో తుడిచాను. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రం ఒక బిందె దించింది. గంజి కాచుకుని తాగాను.

ఇది పిట్టలంక. సముద్రం డెల్టాని కోసి ముక్కలు చేశాక మిగిలిన లంకల్లో అన్నిటికంటే చిన్నది. ఒకప్పుడు మా ఊరు. ఇప్పుడు ఇక్కడ ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. జీవగణన శాఖలో నా ఉద్యోగం ప్రాణుల్ని లెక్కపెట్టడం. చచ్చిన లంక ఎలా ఉంటుందో చూసి రాయడానికి ఎవరైనా కావాలన్నప్పుడు నేనే వస్తానన్నాను. శాఖకి పంపేది వేరే రాస్తాను. ఇది నా కోసం.

శాఖ రాతలో రాజ్యం పేరు ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. రాజ్యం నా కూతురు. తొమ్మిదేళ్ళది. లంక ఖాళీ చేయించి మమ్మల్ని శిబిరానికి తోలాక, మొదటి వానల్లోనే వాంతులు పట్టుకుని పోయింది.

మృగశిర కార్తె. మబ్బు.

భూలోకం పడవ వచ్చింది. నా మరిది. మా ఆయన వేటకి వెళ్ళి తిరిగి రానప్పటి నుంచీ నాకూ రాజ్యానికీ తోడుగా నిలబడ్డవాడు. శిబిరంలో ఉంటూ నాకు బియ్యం, పప్పు, చేపపొడి తెచ్చిపెడతాడు. ఎప్పుడూ పడవ దిగకముందే "వదినా, టీ పెట్టు!" అని కేకేసేవాడు. ఇవాళ కేక లేదు.

"కూకో వదినా" అన్నాడు.

"ఎవరు పోయారు?"

"గంగన్న. ఏనుగులంక పెద్ద సోమసుందరం గోరి పడవ తోలేవోడు. ఊపిరితిత్తులు పాడైపోతే మన శిబిరం ఆసుపత్రిలో పడేశారు. పోయేముందు నన్ను కబురెట్టి పిలిపించాడు." భూలోకం ఇసకలో కాలి వేలితో గీస్తూ ఉండిపోయాడు. "ఉప్పెన తరవాత మనకి సాయం అని కొబ్బరిమొక్కలు పంపారు సూడు, అయ్యి మోసుకొచ్చింది ఆడే."

ఒక లంక నుంచి ఇంకో లంకకి ఏ మొక్క వెళ్ళినా వేళ్ళు కడిగి, మట్టి రేణువు లేకుండా వెళ్ళాలి. మట్టిలో ఏం దాక్కుని వస్తుందో ఎవరికీ తెలీదు. లంకల్లో పుట్టిన పిల్లలకి అక్షరాలకంటే ముందు నేర్పే చట్టం అది.

"వేళ్ళు కడగలేదా?" అన్నాను.

"కడగొద్దన్నారంట. అంతే కాదొదినా. ఏదో పాత ఓడలో పట్టుకున్న చీమలు సోమసుందరం గోరి దగ్గర డబ్బాలో ఉండేయంట. ఆయన సొంత సేత్తో ఆ మొక్కల మట్టిలోకి ఒంపుతుంటే గంగన్న సూశాడంట. నోరు మూసుకున్నాడు. ఇన్నాళ్ళూ మూసుకునే ఉన్నాడు."

మా నీళ్ళ గొట్టం ఇప్పుడు ఏనుగులంకకి పారుతోంది. అది లంకల్లో అందరికీ తెలిసిందే. సముద్రం ఎక్కని మిట్ట నేల నుంచి వచ్చే నీళ్ళు అన్ని లంకలకీ చాలవు గనుక జలమండలి ఒక న్యాయం పెట్టింది. ఒకే రకం చెట్లున్న లంకని ఉప్పెన ఊడ్చుకుపోతుంది, రకరకాల వేళ్ళున్న లంక నిలబడుతుంది. అందుకని ప్రాణులు తగినన్ని రకాలున్న లంకకే నీళ్ళు. పెద్ద లంకకి పెద్ద లెక్క, చిన్నదానికి చిన్న లెక్క. లెక్క తప్పితే గొట్టం కట్టేస్తారు. చీమ వచ్చాక రెండేళ్ళలో మా లెక్క తప్పింది.

"కత్తి నూరుకునే వచ్చాను. నువ్వు ఊఁ అను సాలు" అన్నాడు భూలోకం.

"కత్తికి ఒకడే పోతాడు" అన్నాను. "నాకు ఆ లంకంతా పోవాలి."

వాడు నా మొహం వంక చూసి భయపడ్డాడు. తర్వాత మెల్లగా తలూపాడు.

ఆరుద్ర కార్తె. వాన పట్టింది.

ముందు ధర్మంగానే అడిగాను. జలమండలి అధికారితో తెర మీద మాట్లాడాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"చనిపోయినవాడి మాట కదమ్మా. అదీ ఇంకొకరు విన్నది. చెల్లదు" అన్నాడు.

"ఆ చీమలు ఏ ఓడలో దొరికాయో వెతికించండి."

"ఏనుగులంకలో వేలమంది ఆ నీళ్ళ మీద బతుకుతున్నారు. ఇప్పుడు దీన్ని తవ్వితే ఏమొస్తుంది చెప్పండి?"

తెర ఆపేశాను. వాన పడుతుంటే బయటికి వెళ్ళి కొబ్బరిమట్టలు చీల్చాను. తడికి రాణి చీమలు మట్టల తొర్రల్లోకి చేరతాయి. కూలి చీమల మధ్య రాణి వేరుగా తెలుస్తుంది. ముదురు రంగు, లావు పొట్ట, నింపాది నడక. దూదితో పట్టి గాజు గొట్టంలో వేశాను. చక్కెరనీళ్ళు పెట్టాను. ఉడికించిన చేప చిదిపి పెట్టాను.

మా లంకని చంపినదానికి నా చేత్తో తిండి పెడుతున్నాను.

పునర్వసు కార్తె. ముసురు.

భూలోకం వచ్చినప్పుడల్లా వాడూ మట్టలు చీలుస్తాడు. రాణులు బాగానే పోగయ్యాయి. మందపాటి గాజుపెట్టె ఒకటి చేశాను. రెండు గొళ్ళేలు, లోపల తడి ఇసక, వెదురు ముక్కలు. గుడ్లు పెట్టడం మొదలైంది.

చీమని ఏనుగులంకలో దించడం నాకు కష్టం కాదు. పిట్టలంక నుంచి ఎవరు ఎక్కడికి వెళ్ళినా ముందు కడుగురేవులో ఆగాలి. పడవ కడగాలి, బట్టలు ఉడకబెట్టాలి, తల దువ్వాలి. చీమ లేదని సంతకం పడితేనే అవతలి రేవు దిగనిస్తారు. ఆ సంతకం పెట్టేది నేనే.

ఈ ఏడు ఏనుగులంకకి జీవగణన ఉంది. గణకురాలిగా నా పేరు నేనే పంపుకున్నాను. శాఖ ఒప్పుకుంది. ఆ వానల్లో ఆ పని మీదకి రావడానికి ఇంకెవరూ ముందుకు రాలేదట.

"దించేశాక ఎన్నాళ్ళు పడుద్ది వదినా?" అని అడిగాడు భూలోకం.

"మనకి పట్టినన్నాళ్ళు. లంక పెద్దది కాబట్టి ఇంకొంచెం."

"ఆళ్ళనీ మన శిబిరానికే తోల్తారా?"

"ఇంకెక్కడికి తోలతారు?"

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. రాజ్యం పోయాక మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

పుష్యమి కార్తె. తెరిపి.

ఏనుగులంకలో గణన మొదలుపెట్టి వచ్చాను. పెట్టె తీసుకెళ్ళలేదు. ముందు లంకంతా తిరిగి చూడాలి, చీమ వేగంగా పాకే చోటు ఎంచుకోవాలి.

ఆ లంకలో నడవడం నాకు నరకంలా ఉంది. ఎందుకంటే అది బాగుంది. తూర్పున మడ అడవి, నీళ్ళలోకి వేళ్ళు దింపుకుని. మధ్యలో నేరేళ్ళు, జువ్వులు, పొన్నలు. నేల మీద ఆకు పడితే కుళ్ళకముందే పీత లాక్కుపోతోంది. కాలు తీసి కాలు వేస్తే ఏదో ఒకటి ఎగురుతోంది, లేకపోతే పాకుతోంది. శిక్షణ రోజుల్లో మమ్మల్ని కొండలకి తీసుకెళ్ళారు. అక్కడ ఒక్క లోయలో ఉన్నన్ని చెట్ల రకాలు మా లంకలన్నీ కలిపినా లేవు. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను. మా గురువు అంది: "కొండది కొండకి, లంకది లంకకి. దేని లెక్క దానిది. తక్కువ ఉన్నచోట ఒక్కటి పోయినా ఎక్కువ పోయినట్టు." ఏనుగులంకలో నిలబడి మా లంకని తలచుకుంటే ఆ మాట గుచ్చుకుంది.

సోమసుందరం రేవు దాకా ఎదురొచ్చాడు. తెల్లటి మీసం, ఉతికిన పంచె. లంక పెద్ద. చేతిలో బొండం.

"తాగండమ్మా. ఎండ దాటి వచ్చారు. మీది పిట్టలంకే కదూ?"

"ఆయ్."

"ఎంత చక్కటి లంకండీ అది. పాపం." నిజంగానే బాధపడ్డట్టు తల ఊపాడు. "కానీ మీరు చదువుకున్నారు, మీకు తెలియందేముంది. చిన్న లంకలు ఎప్పటికైనా పోయేవే. చీమ కాకపోతే ఉప్పెన, ఉప్పెన కాకపోతే తెగులు. చిన్న చోట ఏదీ నిలవదు. అది ప్రకృతి లెక్క. మనం ఏం చేస్తాం చెప్పండి?"

ఆ మాటలు ఇదివరకే తనకి తాను చాలాసార్లు చెప్పుకున్నవాడిలా తడుముకోకుండా చెప్పాడు. వాళ్ళక్క కనకమ్మ అరుగు మీద కూర్చుని మా వంక చూస్తోంది. బాగా పెద్దావిడ. "ఎండన పడొచ్చింది, లోపలికి పిలవరా తమ్ముడూ, అన్నం పెడదాం" అంది. నేను ఆగలేదు.

బొండం పూర్తిగా తాగాను. చీమలు దించడానికి వాళ్ళ పెరటి వెనక నేరేడుతోపు ఎంచుకున్నాను. అక్కడ కొమ్మలకి పొలుసుపురుగు ఉంది. పొలుసుపురుగు కార్చే తీపినీరు ఈ చీమకి పాలు.

ఆశ్లేష కార్తె. గాలి మారింది.

రాణుల కోసం ఉత్తరపు మొన దాకా వెళ్ళాను. అటు వెళ్ళి చాలా నెలలైంది. పెట్టె నింపడానికి ఇంకొన్ని చాలు అనుకున్నాను.

అక్కడ చీమ లేదు.

మొదట నమ్మలేదు. చేప ముక్క నేల మీద పెట్టి గొంతుక్కూర్చుని చూశాను. ఇంటి దగ్గరైతే ఊపిరి పీల్చేలోపు ముక్క పసుపయ్యేది. ఇక్కడ ఒక ఈగ వాలింది. ఇంకో ఈగ. అంతే. చెట్లన్నీ ఎండిపోయి పొలుసుపురుగు చచ్చింది, దాని తీపి లేక చీమ చచ్చింది. ఈ చీమ పెద్ద దండుగా పెరిగి, ఉన్నదంతా తిని, తనంతట తాను కూలిపోవడం వేరే చోట్ల జరిగిందని చదివాను. నా కళ్ళతో చూడటం ఇదే.

ఎండిన పొన్న కింద మోకాళ్ళ మీద పాకాను. పచ్చపావురం రెట్ట. దాని పక్కన రెండాకుల మొలక. నేరేడు. కొంచెం అవతల ఇంకోటి, జువ్వి. మొగలి పొద మొదట్లో గోరంత ఎర్రపీత, నన్ను చూసి కాళ్ళు ముడుచుకుంది. నీళ్ళలో గుడ్డుగా తేలి వచ్చి ఉంటుంది.

ఏడ్చానో అరిచానో నాకే తెలీదు.

తల ఎత్తితే పావురాలు కనిపించాయి. చిన్న గుంపు. కాలువ దాటి దక్షిణంగా వెళుతున్నాయి. ఏనుగులంక వైపు. ఈ చుట్టుపక్కల పండే నేరేడు అక్కడే ఉంది. పగలు అక్కడ మేసి, ఇక్కడ వాలి, రెట్ట వేసి పోతున్నాయి. పీత గుడ్డు వచ్చిందీ అక్కడి నుంచే. మిట్ట చాలా దూరం, అక్కడి నుంచి పిట్ట రాదు.

నేను చదివిన చదువంతా ఇదే. చిన్న లంక తనంతట తాను బతకదు. పక్కనున్న పెద్ద లంక ఎంగిలి తిని బతుకుతుంది. పోయినవాటి చోట్లోకి అక్కడి నుంచి మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంటేనే దాని లెక్క నిలుస్తుంది. ఇన్నేళ్ళూ పాఠం చెప్పినట్టు చెప్పాను గానీ, పగ పట్టాక అది నా బుర్రలోకే రాలేదు.

సోమసుందరం నేరేడుతోపు చస్తే రాజ్యం పుట్టిన లంక ఇంకెప్పటికీ లేవదు.

మఖ కార్తె. ముసురు.

కొన్నాళ్ళు పెట్టె ముందు ఊరికే కూర్చున్నాను.

వాళ్ళ ఎంగిలి మాకు దిక్కు. ఆ మాట మింగుడు పడలేదు. చావనీ, రెండు లంకలూ చావనీ అని ఒక పూట గట్టిగా అనుకున్నాను. రాజ్యమే లేనప్పుడు నేరేడు మొలకెత్తితే ఎవరి నోట్లోకి? గొళ్ళేలు బిగించి, పడవలో పెట్టుకుని, సగం దూరం వెళ్ళాను కూడా. అప్పుడు పావురాలు నెత్తి మీదుగా ఇటు వచ్చాయి.

వెనక్కి తిప్పాను. రాణులన్నిటినీ ఏరి ఉప్పునీళ్ళ బాల్చీలో ముంచాను. గుడ్లూ, పిల్లలూ కూడా. పెట్టెలో కూలి చీమలు మాత్రం ఉంచాను, ఈగ వాలేంత చోటు కూడా లేకుండా. రాణి లేని చీమ దండు కొద్దివారాల్లో దానంతటదే అంతరిస్తుంది. ఎక్కడ పడ్డా పుట్ట పెట్టలేదు.

చూసేవాళ్ళకి ఆ తేడా తెలీదు.

భూలోకానికి చెప్పలేదు. చెబితే వాడు రాడు. లంకని వదిలేశాను గానీ మనిషిని వదల్లేదు.

పుబ్బ కార్తె. ఎండ.

లెక్క చెప్పేరోజు లంకంతా రేవు మైదానంలోకి రావాలి. అది వాళ్ళ పద్ధతి. సోమసుందరం ముందు వరసలో కుర్చీ వేసుకున్నాడు. పక్కన కనకమ్మ. పిల్లలు చెట్లెక్కి కూర్చున్నారు. నా వెనక భూలోకం, గుడ్డ కప్పిన పెట్టె పట్టుకుని.

"ఏనుగులంక లెక్క నెగ్గింది" అన్నాను. చప్పట్లు, ఈలలు. అవి ఆగే దాకా నిలబడ్డాను. తర్వాత గుడ్డ తీసి పెట్టెని నేల మీద పెట్టాను.

గాజు లోపల పసుపు రంగు కదులుతోంది. ముందు వరసలో ఒకావిడ కుర్చీతో సహా వెనక్కి పడింది. పిట్టలంక కాలువ అవతలే ఉంది, అది చావడం వాళ్ళందరూ చూసినవాళ్ళే. ఎవరూ పరిగెత్తలేదు. పరిగెత్తి ఎక్కడికి పోతారు?

"ఇందులో రాణులున్నాయి" అన్నాను. పచ్చి అబద్ధం. "మా లంకకి ఇవి ఎలా వచ్చాయో మీ పెద్దమనిషి చెప్పాలి. అబద్ధం ఆడితే తీస్తాను."

మొదటి గొళ్ళెం ఎత్తాను.

సోమసుందరం లేచాడు. "తాయారమ్మా, మతి ఉండే చేస్తున్నారా? ఇక్కడ పసిపిల్లలున్నారు."

"పిట్టలంకలోనూ ఉండేవాళ్ళు."

"ఎవడో ఏదో అన్నాడని..."

రెండో గొళ్ళెం మీద చేయి వేశాను. ఆయన నోరు ఆగిపోయింది.

"అప్పట్లో మన గొట్టం ఎండిపోతోంది" అన్నాడు చివరికి. నాతో కాదు, జనంతో. "మీరంతా ఇంటింటికీ వచ్చి ఏడ్చారు నా దగ్గర. మరిచిపోయారా? అది చిన్న లంక. ఎప్పటికైనా పోయేదే. కొంచెం ముందు పోయింది. వేలమంది బతికారు. నేను మనుషుల్ని చంపలేదు. ఖాళీ చేయిస్తారనుకున్నాను, అంతే."

"తెరువొదినా" అన్నాడు భూలోకం నా చెవి దగ్గర. "ఒప్పుకున్నాడుగా. ఇంకేటి సూత్తావ్? తెరు."

నేను తెరవలేదు. "ఈ మనిషి నాతో పిట్టలంకకి వస్తాడు. చీమని చంపే పని చేస్తాడు. లేకపోతే ఈ పెట్టె ఇక్కడే ఉంటుంది. మీరే తేల్చుకోండి" అన్నాను.

ఎవరూ కదల్లేదు. అప్పుడు కనకమ్మ లేచింది. కర్ర పోటు వేసుకుంటూ తమ్ముడి ముందుకి వచ్చి నిలబడింది.

"ఒరే తమ్ముడూ. ఆ నీళ్ళు నేనూ తాగాన్రా. అరిగించుకున్నాను. దేవుడిచ్చాడనుకున్నాను." ఆవిడ చేయి ఎత్తితే కొడుతుందనుకున్నాను. ఆయన భుజం మీద కండువా తీసి మడిచి తన చంకలో పెట్టుకుంది. "ఎళ్ళు."

"అక్కా..."

"ఎళ్ళరా. నిన్ను సూత్తే దాహం ఏత్తోంది నాకు."

పడవ ఎక్కించడానికి నేనేమీ చేయాల్సిన పని లేకపోయింది. వాళ్ళ మనుషులే ఎక్కించారు.

ఉత్తర కార్తె. ఉక్క.

లంక చేరగానే భూలోకం పెట్టె దగ్గర కూర్చుని గాజులోకి చూస్తూ ఉండిపోయాడు. వాడు నాతో కలిసి వారాల తరబడి మట్టలు చీల్చినవాడు.

"రాణి ఏదొదినా?"

"చంపేశాను."

"ఎప్పుడు?"

"ముందే."

వాడు పెట్టెని ఎత్తి ఉప్పునీళ్ళలోకి గిరాటేశాడు. "ఆడికి ఆ లంక మిగిల్చావు. ఆ నేరేడుపళ్ళు ఆడి మనవలు తింటారు. మన బిడ్డ ఏం తిందొదినా, శిబిరంలో? ఆ బిడ్డ నీకే కూతురా, నాకు కాదా?"

ఉత్తరపు మొనకి తీసుకెళ్ళి మొలకలు చూపించాను. వాడు చూశాడు. "మొక్కలా?" అన్నాడు. ఆ ఒక్క మాట అని పడవెక్కి వెళ్ళిపోయాడు.

సోమసుందరం అదంతా విన్నాడు. పెట్టెలో రాణి లేదని తెలిసి పగలబడి నవ్వాడు.

"అయితే ఉత్త బెదిరింపే! నేను రేపే వెళ్ళిపోతాను."

"వెళ్ళండి. కడుగురేవులో ఆపుతారు. మీ ఒంటి మీద చీమ లేదని సంతకం పెట్టాల్సింది నేనే. నేను పెట్టను."

నవ్వు ఆగిపోయింది. "ఎన్నాళ్ళు?"

"చీమ పోయేదాకా."

"లంకంతానా? అది నా జన్మలో పోదు."

"పోదు" అన్నాను.

హస్త కార్తె. వానలు.

చేపపొడిలో మందు కలిపి ఉండలు చేయడం నేర్పాను. మందు ఎక్కువైతే చీమ ముట్టదు, తక్కువైతే చావదు. కూలి చీమ దాన్ని పుట్ట దాకా మోసుకెళ్ళి రాణికి తినిపించాలి. పొలుసుపురుగు పట్టిన కొమ్మలు నరికి కాల్చడం ఆయన పని. మొదటిరోజే కన్ను వాచింది. కేకలు పెట్టాడు. నేను పక్కనే కూర్చుని గంజి తాగాను.

మంచినీళ్ళు ఇద్దరికీ సమంగా పోస్తాను. అందులో మోసం చేయను. తిండి కూడా అంతే. కొట్టను, తిట్టను. ఏనుగులంక పచ్చటి గుమ్మటంలా కనిపించే మా దక్షిణపు గట్టు మీద ఆయనకి పాక వేయించాను. పొద్దున లేవగానే కళ్ళెదురుగా అదే ఉండాలి.

ఒకరోజు, "మా అక్క పడవ ఏమైనా వచ్చిందా?" అని అడిగాడు. రాలేదని చెప్పాను. నిజంగానే రాలేదు. అది చెప్పేటప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఇక్కడ దాచను.

జలమండలి అధికారి తెర మీదకి వచ్చి, సోమసుందరం మైదానంలో అంతమంది ముందు ఒప్పుకున్నాడు కాబట్టి విచారణ వేస్తామన్నాడు. వేసుకోండి అన్నాను.

చిత్త కార్తె. ఎండ, పోటు.

మధ్యాహ్నం సోమసుందరం కనబడలేదు. మందు బాల్చీ గట్టు మీద బోర్లించి ఉంది. కాలువ వైపు చూస్తే నీళ్ళ మధ్య తెల్లటి తల. ఈదుకుంటూ ఏనుగులంక వైపు పోతున్నాడు. సంతకం లేకుండా ఏ రేవూ దిగనివ్వదని ఆయనకి తెలుసు. అయినా పోతున్నాడు. పోటు ఆయన్ని పక్కకి, సముద్రం వైపు లాక్కుపోతోంది. చేతులు ఆడటం తగ్గింది.

అప్పుడే భూలోకం పడవ వస్తోంది. ఉత్తర కార్తె నుంచీ బియ్యం ఒడ్డున పడేసి, నాతో మాట్లాడకుండా పోయేవాడు. వాడు ఆ తలని చూశాడు. పడవని దాని పక్కకి చేర్చి తెడ్డు పైకెత్తి పట్టుకున్నాడు. వంగి చేయి అందిస్తే అందేంత దూరం. తెడ్డు దించితే అయిపోయేంత దూరం.

చేయి అందించలేదు, తెడ్డు దించలేదు. నా వైపు తిరిగి అరిచాడు.

"వదినా! ఏం సెయ్యను?"

సోమసుందరం మునిగి తేలాడు. నోరు తెరిచి ఏదో అన్నాడు. వినబడలేదు. నేను మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాను. ఎప్పుడు దిగానో తెలీదు. ఎన్ని రోజులు ఈ దృశ్యం కోసమే నిద్ర లేచాను. వద్దు అంటే చాలు. అసలేమీ అనకపోయినా చాలు.

ఆయన మళ్ళీ మునిగాడు.

"తియ్యి!" అన్నాను.

"ఏంటీ?"

"తియ్యిరా! లోపలికి లాగు!"

భూలోకం బూతులు తిడుతూనే వంగాడు. జుట్టు దొరకలేదు, మెడ పట్టుకుని లాగాడు. ఒడ్డుకి తెచ్చి ఇసకలో మూటలా పడేశాడు. ఆయన చాలాసేపు నీళ్ళు కక్కాడు. మేమిద్దరం నిలబడి చూశాం.

"ఎందుకు తీయించావు?" ఊపిరి అందాక సోమసుందరం అడిగాడు. మొదటిసారి నన్ను నువ్వు అన్నాడు.

"చచ్చిపోతే నీకు అయిపోతుంది. నాకు అవదు" అన్నాను. "నాకు లేని విశ్రాంతి నీకెందుకివ్వాలి?"

ఆయన మొహం ఇసకలో పెట్టుకున్నాడు. కొంతసేపటికి, అటు తిరిగే, "ఆ పాప పేరేంటి?" అని అడిగాడు.

భూలోకం నా వంక చూశాడు. వాడి కళ్ళలో ఎన్నో రోజులుగా లేని మెత్తదనం. చెప్పేస్తానని భయపడ్డాడో, చెప్పాలని కోరుకున్నాడో తెలీదు. నేను చెప్పలేదు. ఆ పేరు ఈ మనిషి నోట్లో పడటం నాకిష్టం లేదు. జాలి పుట్టి అడిగినా సరే, తప్పు తెలిసి అడిగినా సరే.

"లే. బాల్చీ గట్టు మీదే వదిలేశావు" అన్నాను.

భూలోకం వెళ్ళిపోలేదు. పడవ కట్టేసి పైకి వచ్చాడు. టీ పెట్టమని అడగలేదు, నేనే పెట్టాను. తాగుతూ, "నీ పగ తీరిందా వదినా?" అన్నాడు.

"లేదు."

"తీరుద్దా?"

"తీరాలని కూడా లేదురా."

వాడు గ్లాసు కడిగి బోర్లించాడు. మందు ఎలా కలపాలో చూపించమన్నాడు. చూపించాను. ముగ్గురం పొద్దుగూకే దాకా ఉండలు చేశాం. రేపు పడమటి గట్టు.